మొగలిపొదలో నాలుగు పిలుపులు

నేను చెప్పే మాటల్లో సగం అబద్ధమని మా ఊళ్లో అందరికీ తెలుసు. మిగతా సగం కూడా అబద్ధమేనని మా అమ్మ నమ్మకం. మా ఊరి ఎండ్రకాయలు ఆదివారం పొద్దున్నే బొరియల్లో నుంచి బయటికొచ్చి, వరసగా నడిచి, ప్రార్థన పాకలో వెనక కూర్చుని పోతుంటాయని నేనొకసారి చెబితే, నెల్లూరు నుంచి వచ్చిన పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో ఆపి మరీ వెనక్కి చూశాడు. అంతటి పేరు నాది. కనుక ఇది కూడా కోతే అనుకుని చదివినా నాకేమీ అభ్యంతరం లేదు. ఇందులో నాలుగు అనే అంకె ఒకటి వస్తుంది. దాన్ని మాత్రం నమ్మండి. ఆ ఒక్క నిజం చెప్పడానికి నాకు ఏడాది పట్టింది.

మాది మైపాడుకు ఉత్తరంగా, సముద్రానికీ ఉప్పుకాలవకూ మధ్య ఇసుక మీద కూర్చున్న చిన్న పాలెం. మద్రాసుకు ఉప్పూ కట్టెలూ మోసుకుపోయే పెద్ద పడవలు ఆ కాలవలోనే పోయేవి. నెల్లూరు బస్సు కాలవ అవతలి గట్టు దాకా వచ్చి తిరుక్కునేది. అందుకని చేపలు బజారుకు పోవాలన్నా, కొత్త కోడలు కాపురానికి రావాలన్నా, పంతులు బడికి రావాలన్నా కాలవ దాటాల్సిందే. దాటించే పడవ ఊరిది. నడిపే హక్కు మా ఇంటిది. తాత నడిపాడు, నాయన నడిపాడు. నాయన పోయాక పడవ తోసే గెడ మా అన్న చేతికి వచ్చింది. ఇది అరవైల మొదట్లో మాట. అన్నకు ఇరవై రెండు, నాకు పదహారు.

పడవ కావాలంటే గట్టున నిలబడి కేకెయ్యాలి. ‘ఓ పడవా...’ అని చివర ఎంత సాగదీస్తే పడవ అంత తొందరగా వస్తుందని జనం నమ్మకం. ఎవరి కేక వాళ్లదే. చేపలమ్మే అత్త రెండు పొట్టి కేకలు వేసి, మూడోది తిట్టుగా వేసేది. బడిపంతులు కేకెయ్యడం తన హోదాకు తక్కువనుకుని దగ్గేవాడు. ఆ దగ్గును కాలవ దాటించాలని పాటుపడీ పాటుపడీ ఆయనకు నిజంగానే దగ్గు పట్టుకుంది. పెద్దకాపు, అంటే మా పాలేనికి పెద్ద, పిలిస్తే పిలిచినట్టు ఉండేది కాదు, పడవ ఏదో తప్పు చేసి పారిపోయినట్టు ఉండేది. “ఒరే పడవా! ఉండావా, చచ్చినావా?”

ఈ కేకలన్నీ నా గొంతులో పలికేవి. దేవుడు నాకు చదువివ్వలేదు గానీ పక్కవాళ్ల గొంతులన్నీ ఇచ్చాడు.

అవతలి రేవుకు పక్కన ఒక మొగలిపొద ఉండేది. ఒకరోజు కట్టెలకని పొద్దున పడవలో అవతలికి పోయి, ఆ పొదలో దూరి, పెద్దకాపు గొంతుతో కేక వేశాను. అన్న తింటున్న సద్దన్నం వదిలేసి, చెయ్యి కూడా కడుక్కోకుండా గెడ వేసుకుని వచ్చాడు. రేవులో పురుగు లేదు. అటు చూసి, ఇటు చూసి, ఆకుల సందున నా పావడా రంగు కనిపెట్టి, తడి తువ్వాలుతో వీపు మీద ఒక్కటిచ్చాడు. ఇద్దరం నవ్వుకుంటూ ఇల్లు చేరాం. ఆ తర్వాత మరికొన్నిసార్లు. సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకునేది. నా కీర్తి అటు విడవలూరు దాకా పాకిందని నేను చెప్పుకునేదాన్ని. పాకలేదు.

ఇక్కడి నుంచి కథ నా చేతిలో లేదు. నేను కట్టెలకు పోని రోజుల్లో కూడా అన్న ఉత్త పడవ వేసుకుని అవతలికి పోయి రావడం మొదలుపెట్టాడు. పోయి, రేవులో నిలబడి, మొగలిపొద చుట్టూ తిరిగి, వట్టి చేతులతో వచ్చేవాడు. చూసినవాళ్లు నన్ను అడిగేవాళ్లు.

“ఏందిమే, మజ్జానం రెండు తూర్లు మీయన్నని ఉత్తినే తిప్పినావంట?”

ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. అమ్మ సాక్షి. అయినా అంత మంచి పేరు గుమ్మం దాకా వచ్చి నిలబడితే తలుపెలా వేస్తాను?

“నేను గాక ఇంకెవురు? మొదట తూరి పంతులి దగ్గు. రెండో తూరి నీ గొంతే!”

“ఓసి నీ పాసుగూలా!” అని వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. అన్న ఎన్ని ఉత్త పడవలు నడిపితే నాకు అంత పేరు. అలా ఒక మూడు నెలలపాటు మా అన్నకు వినిపించిన గొంతులన్నిటికీ నేను సొంతదారునయ్యాను. అన్నకు ఏదో అవుతున్నదని ఊరికి తెలియకుండా కాపాడింది వేరెవరో కాదు, నేనే.

వాడు మాటలు తగ్గించాడు. నీళ్ల మనిషి నీళ్లు పోసుకోవడం మానేశాడు. సంగటి ముద్ద వాసన చూసి పక్కన పెట్టేవాడు. ఒకనాడు నాతో గుసగుసగా చెప్పాడు. “పాపా, ఉప్పు పడవలోళ్లు నా గురించే మాట్లాడుకుంటా పోతుండారు. ఆ మాట మద్రాసు దాకా పోతా ఉండాది.”

నాకు ఎంత సంతోషమో! ఇన్నాళ్లకు మా అన్న కూడా నా దారిలోకి వచ్చాడు, కోతలు మొదలుపెట్టాడు అనుకున్నాను. నా వంతు నేను కలిపాను. “పొయ్యేదేంది, మద్రాసులో పేపర్లో కూడా ఏసినారంటన్నా!”

వాడు నవ్వలేదు. “ఏ పేపర్లో?” అని అడిగాడు.

ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడు నా చెవిలో పడుతుంది. నాకు వినిపించే గొంతు అదొక్కటే.

వైశాఖంలో ఒక పొద్దున పడవలో చేపల అత్త నెత్తళ్ల గంపతో, బడిపంతులు గొడుగుతో, ఎవరిదో మేక ఒకటి తాడుతో కూర్చుని ఉన్నారు. కాలవ మధ్యకు వచ్చాక అన్న గెడ ఆపాడు. చెవి ఒగ్గి విన్నాడు. “వస్తుండా, వస్తుండా” అంటూ గెడ పడవలో పడేసి, నీళ్లలో దూకి, ఉత్తరం వైపు ఈదుకుంటూ పోయాడు. పంతులు లేచి నిలబడి “కాపాడండి” అన్నాడు. పడవ ఒరిగింది. గంప, పంతులు ఒకేసారి నీళ్లలో పడ్డారు. నెత్తళ్లు మళ్లీ నీళ్లు చేరాయి గానీ ఈదే స్థితిలో లేవు. పంతులు మునుగుతూ, తేలుతూ, అరుస్తూ ఉంటే అత్త పడవలో నుంచి చూసి, “అయ్యా, ఒకతూరి కాళ్లు కింద పెట్టి చూడు” అంది. పెట్టాడు. నీళ్లు రొమ్ము దాకే ఉన్నాయి. అందరికన్నా ముందు గట్టుకు చేరింది మేక.

అన్న సాయంత్రం సరుగుడు తోపులో దొరికాడు, రెండు చెవులూ రెండు చేతులతో గట్టిగా మూసుకుని. ఊరు మా ఇంటి మీదికి వచ్చింది.

“నువ్వేనామే పిలిచింది?”

“నేను గాదు” అన్నాను. ఒక్కరు నమ్మలేదు.

ఆ తర్వాత వారం రోజులు ఊరు చేతనైన వైద్యం చేసింది. అమ్మ నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసింది, చుట్టుపక్కలవాళ్లు తాయెత్తులు కట్టారు. కట్టించుకున్నవన్నీ చూస్తే అన్న మెడలో దేవుళ్లందరూ రాజీపడి కాపురం పెట్టినట్టు ఉండేది. చివరికి నెల్లూరులో ఆసుపత్రి కాంపౌండరు, ‘ఇది జబ్బమ్మా, దీనికి మందుంది, మద్రాసు తీసుకుపొండి’ అన్నాడు. మా మేనమామ రైల్లో తీసుకుపోయాడు. వాడు తిరిగి వచ్చేసరికి నాలుగు నెలలు.

తిరిగి వచ్చినవాడు మా అన్నే గానీ, ఎవరో మా అన్నను చెక్కతో చేసి పంపినట్టు ఉన్నాడు. నడిస్తే చేతులు ఊగవు. నోటి చివర ఊరే తడి తుడుచుకోవడానికి భుజం మీద తువ్వాలు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెడితే అవతల బస్సు వచ్చి, జనాన్ని దించి, తిరిగిపోయేది, ఇంకా రెండు బొత్తాలు మిగిలి ఉండేవి. తెల్ల మాత్రలు మూడు పూటలా మింగాలి. ఆ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఎండ పడదట, ఒళ్లు కాలినట్టు ఎర్రబడుతుందట. పడవ నడిపేవాడికి ఎండ పడదని మద్రాసు డాక్టరు చెప్పి పంపించాడు. చేపకు నీళ్లు పడవు అన్నట్టే. ఇంకో మాట కూడా చెప్పాడని మామ చెప్పాడు. పని చెయ్యనివ్వండి, చెయ్యలేకపోతే తిట్టొద్దు, చేస్తే పండగ చెయ్యొద్దు.

మా అమ్మకు మొదటి రెండూ అర్థమయ్యాయి. మూడోది కాలేదు. “మావాడు ఈ పొద్దు వాడే నీళ్లు పోసుకున్నాడ్రా!” అని వీధంతా వినేట్టు కేకేసేది. అన్న తలుపు చాటున తల తుడుచుకుంటూ, “అమ్మా, గమ్మునుండమ్మా” అనేవాడు. అలా విసుక్కోవడం వినగానే అమ్మ ఇంకో కేక. “విసుక్కుంటా ఉండాడ్రా, ముందర మాదిరే!”

ఒక సాయంత్రం పెద్దకాపు మా ఇంటికి వచ్చాడు. వెంట ఆయన అల్లుడు. అన్న లేని నాలుగు నెలలూ పడవ నడిపింది ఈ అల్లుడే.

“చూడుమే,” అన్నాడు అమ్మతో, “నీ కొడుకు మింద నాకేం కోపం లేదు. పడవ ఊరిది. పిల్లాజెల్లా ఎక్కే పడవ. ఒక నెల చూస్తాం. పొద్దున ఎండెక్కిందాకా, సాయంత్రం ఎండ దిగినాక నీ కొడుకు నడపనీ. మజ్జానం మాయల్లుడు నడుపుతాడు. నెల తిరిగేలోపల జనం నీ కొడుకు పడవ ఎక్కితే పడవ మీదే. ఎక్కకపోతే గెడ మాయల్లుడికిచ్చేయాల.”

“జనం చేత నేనెట్టా ఎక్కిచ్చేది అన్నా?” అంది అమ్మ.

“అది నన్నడిగితే ఎట్టామే? నేను గూడా జనమే గదా.”

అన్న మూలన కూర్చుని అంతా విన్నాడు. వాళ్లు పోయాక అన్నాడు. “పడవ పోతే నేనింక ఏం పని చేసేదిమా? నాకు వచ్చిందదొక్కటే.” గొంతు పెంచలేదు. మాత్రలు వాడి గొంతులో ఎత్తుపల్లాలు తీసేశాయి. అయినా అమ్మ చేటలో బియ్యం మళ్లీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది.

మొదటి వారం పొద్దున పూట ఒక్కరు ఎక్కలేదు. గట్టు మీద గంపలు దించుకుని కూర్చునేవాళ్లు. ఎండ ఎప్పుడెక్కుతుందా అని ఆకాశం వైపు ఆశగా చూసే జనాన్ని మా తీరంలో నేను అప్పుడే చూశాను. అన్న మాత్రం రోజూ తెల్లవారగానే ఉత్త పడవను ఒకసారి అవతలికి నడిపి, ఇవతలికి తెచ్చి, కట్టేసి, దాని పక్కనే పంతులి గొడుగు వేసుకుని కూర్చునేవాడు. నీళ్లలో పడ్డ రోజు పడవలో వదిలిపోయిన గొడుగు అది. తీసుకుపోవడానికి పంతులు మా గడప తొక్కలేదు.

చూడలేక నేను సాయం చేశాను. నాకు తెలిసిన సాయం ఒకటే గదా. బావి దగ్గర మొదలుపెట్టాను. మద్రాసులో మా అన్న నడక చూసి ఆసుపత్రి దొరలే ఆశ్చర్యపోయారనీ, అక్కడి నదిలో పడవ నడపమని చేతికి గెడ ఇచ్చారనీ, ఒక పొద్దున సాక్షాత్తూ గవర్నరుగారినే కుటుంబంతో సహా అవతలికి దాటించాడనీ, దిగేటప్పుడు గవర్నరుగారి భార్య ‘ఒక్క చుక్క కూడా మీద పడలేదు’ అని మెచ్చుకుందనీ చెప్పాను. ఆమె చీర రంగు కూడా చెప్పాను. సాయంత్రానికి ఊరు సగం నమ్మింది. గవర్నరును దాటించినవాడి పడవ మనం ఎక్కితే ఏం పోయిందన్న మాట కూడా ఒకటి రెండు నోళ్లలో వినిపించింది. నా అంతటిది లేదనుకుని పడుకున్నాను.

పొద్దున్నే జనం అన్న చుట్టూ మూగారు.

“అబ్బయా, గవర్నరుని దాటించినావంట, నిజమేనా?”

అన్న మెల్లగా తల ఎత్తాడు. “లేదే. నేనక్కడ వరండా చిమ్మినాను. చివర్లో తోటకి నీళ్లు పోసినాను.”

“మీ చెల్లెలు చెప్పిందే?”

“నాకు తెలీదు.”

వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ‘అంత పెద్ద సంగతి గూడా మర్చిపోయినాడంటే, ఇంకా కుదరలేదబ్బా’ అనుకుంటూ మళ్లీ గట్టు మీదికి పోయి కూర్చున్నారు. నేను అబద్ధమాడానని ఒక్కడికీ తట్టలేదు. జీవితంలో మొదటిసారి నన్ను ఊరంతా నమ్మింది, అదీ అప్పుడు!

ఆ సాయంత్రం అన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను యథాప్రకారం చింతగింజలు తీస్తున్నాను.

“పాపా, నేనొకటి అడుగుతా. కత చెప్పొద్దు.”

“అడుగు.”

“నిరుడు మొగలిపొదలో నుంచి ఎన్ని తూర్లు పిలిచినావు?”

నవ్వబోయాను. వాడి కళ్లు చూసి ఆగాను. ఆ కళ్లు నిద్రమత్తులో ఉన్నట్టు ఉండేవి గానీ, ఆ సాయంత్రం వాటి వెనక ఎవరో లేచి కూర్చుని ఉన్నారు.

“ఎందుకు?”

“ఊళ్లో వాళ్లు అన్నీ నువ్వేనంటారు. నువ్వూ అవునన్నావంట. డాక్టరేమో అన్నీ నా తలకాయలోవే అంటాడు. కొన్నైతే నేను నిన్ను పొదలో చూసినాను గదా? ఏది నీదో, ఏది నాదో తెలీకపోతే నేనింక దేన్ని నమ్మేది?”

అబద్ధం చెప్పడం నాకు ఊపిరి తీసుకున్నంత సులువు. ‘అన్నీ నేనే అన్నా’ అనేస్తే వాడికి జబ్బే లేనట్టు. ‘ఒక్కటీ నాది కాదు’ అంటే నా తప్పే లేనట్టు. రెండూ నోటి చివర తయారుగా ఉన్నాయి. అన్నిటికన్నా ఘోరం, నిజమైన లెక్క నాకే గుర్తులేదు. అంతగా కలిపేశాను. చింతగింజలు చాప మీద పెట్టుకుని, వాడికి వినిపించేట్టు పైకి చెబుతూ ఒక్కొక్కటే జ్ఞాపకం చేసుకున్నాను. పెద్దకాపు గొంతుతో, సద్దన్నం నాడు, ఒకటి. పంతులి దగ్గు, వాన తుంపర పడిన రోజు, రెండు. అత్త తిట్టు, మూడు. మళ్లీ పెద్దకాపు, నువ్వు నన్ను నీళ్లలోకి తోసిన రోజు, నాలుగు. ఇంకో గింజ తీసుకుని చాలాసేపు పట్టుకుని, మళ్లీ కుప్పలో వేశాను.

“నాలుగన్నా.”

“నాలుగేనా?”

“నాలుగే. మిగతావన్నీ ఉత్తినే ఒప్పుకున్నా. పేరుకోసరం.”

వాడు ఆ నాలుగు గింజల్నీ చూస్తూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తువ్వాలు కోసం వీపు కూడా సిద్ధం చేసుకున్నాను. “అయితే మిగతావి నావే” అన్నాడు. పోయిన గొర్రెలు దొరికినవాడు అన్నట్టుగా అన్నాడు.

“ఇప్పుడు గూడా వినిపిస్తాయా?” అని అడిగాను.

“అప్పుడప్పుడు. దూరంగా. మాత్ర ఆలస్యమైతే దగ్గిరికొస్తాయి.” ఒక గింజను వేలితో దొర్లిస్తూ, “వాటికి గొంతే ఉండాది పాపా, చేతుల్లేవు” అన్నాడు.

మర్నాడు అమ్మ పాత ఎర్రచీర ముక్క ఒకటి, ఒక పొడుగాటి సరుగుడు వాసం, కొంచెం తాడు తీసుకుని అవతలి రేవుకు పోయాడు. వాసం పాతి, గుడ్డ ఎక్కించి దించేట్టు తాడు కట్టాడు. ఇవతలి రేవులో కూడా అలాంటిదే ఒకటి. ఇంక పిలిచేది లేదు, పడవ కావాలంటే గుడ్డ ఎత్తాలి. గట్టు మీద కూర్చున్న జనానికి ఆ మాట చెప్పి వచ్చి గొడుగు కింద కూర్చున్నాడు. ఊరు విరగబడి నవ్వింది. పెద్దకాపు, “ఆడోళ్ల చీర ముక్క ఎగరేస్తే గాని పడవ రాదా? మా తాతలు గొంతులు పెట్టుకోని పుట్టింది ఎందుకు?” అన్నాడు.

రెండో వారంలో చేపల అత్త ఇవతలి గట్టున గంపతో కూర్చుని ఎండ కోసం చూసింది, గంపలోకి చూసింది. లేచి వచ్చి పడవ దగ్గర నిలబడింది.

“ఏమబ్బయా, మజ్జలో వదిలేసి పోతావా?”

“పోనత్తా.”

“పోతే పో. రొమ్మునీళ్లే గదా. ఎండెక్కిందాకా నేనాగతా గాని నా చేప ఆగదు.” గంప ఎక్కించి, తాను ఎక్కి, సగం దారిలో వాడి మెడ మీద ఎండ పడటం చూసి, పంతులి గొడుగు తెరిచి వాడి నెత్తిన పట్టింది. అవతల దిగేటప్పుడు వెనక్కి తిరిగి గట్టు మీది జనాన్ని చూసి ఒక తిట్టు తిట్టింది. అది ఇక్కడ రాయను. రాయదగిన తిట్టు అత్త నోట ఎన్నడూ రాలేదు.

ఆమె వెనక ఇద్దరు. వాళ్ల వెనక నలుగురు. అంతా సాఫీగా నడిచిందని కాదు. మూడో వారంలో రెండు రోజులు అన్న లేవలేకపోయాడు, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ పండగా చెయ్యలేదు, తిట్టూ తిట్టలేదు. పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచింది. మూడో నాడు వాడే లేచి, బొత్తాలు పెట్టుకున్నాడు. బస్సు ఇంకా తిరుక్కోకముందే అయిపోయింది. నేను కిటికీలో నుంచి చూస్తూనే ఉన్నాను.

నెల నిండే రోజు పొద్దున పెద్దకాపు నెల్లూరు నుంచి మొదటి బస్సులో దిగాడు. పడవ ఇవతల ఉంది. అన్న దాని పక్కన. అల్లుడు కూడా గట్టున తయారుగా ఉన్నాడు, ఆ రోజుతో గెడ తనకు వస్తుందని. అవతల నుంచి పిలుపు వినిపించింది.

“ఒరే పడవా! ఉండావా, చచ్చినావా?”

అన్న కదల్లేదు. చూపు వాసం మీదే ఉంది. గుడ్డ కిందే వేలాడుతున్నది.

“ఒరే, పెద్దకాపు మామ పిలస్తా ఉండాడ్రా!” అన్నారు జనం.

“గుడ్డ లేవలేదు గదా.”

“నాకియ్యి గెడ, నేను పోతా” అన్నాడు అల్లుడు చెయ్యి చాపి.

“ఎండ ఇంకా ఎక్కలేదు. ఇది నా పూట.”

అవతల పెద్దకాపు పిలిచాడు, అరిచాడు, మూడు తరాల పడవవాళ్లను వరసగా తిట్టాడు. ఎర్రగుడ్డ తాడు పక్కనే ఉంది. ముట్టుకోలేదు. అన్న గెడను ఇసుకలో గుచ్చి, రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. నన్ను దగ్గరికి పిలిచాడు.

“పాపా. ఆ పిలిచేది నిజంగా మామేనా?”

ఊరంతా ఉంది అక్కడ. ఇంతమందిలో వాడు అడగాలనుకున్నది నన్ను.

“మామే అన్నా. నేను గాదు. నీది గాదు. మామే.”

“సరే. నువ్వు చెప్తే నమ్ముతా.” ఊపిరి తీసుకున్నాడు. “అయినా గుడ్డ లేచిందాకా పోను. ఈ పొద్దు ఉన్న మామకోసం పోతే, రేపు లేని మామకోసం గూడా పోవాల.”

అవతల తిట్లు అయిపోయాయి. తర్వాత పెద్దకాపు తల మీద తెల్ల తలపాగా విప్పి, చీర ముక్కను మాత్రం తాకకుండా, ఆ తలపాగానే తాడుకు కట్టి పైకి లాగాడు. అది గాలికి విప్పారేలోపలే అన్న పడవ రేవు వదిలింది. నేనూ ఎక్కి కూర్చున్నాను.

తిరుగు ప్రయాణంలో పెద్దకాపు బోడితలతో పడవ చివర కూర్చున్నాడు. సగం దారిలో అన్నే మాట మొదలుపెట్టాడు.

“ఏమీ అనుకోబాకు మామా. నిరుడు అందరికన్నా ఎక్కువ వినిపించింది నీ గొంతే. నువ్వు లేనప్పుడు గూడా పిలిచేది.”

పెద్దకాపు ఉలిక్కిపడ్డాడు. “నా గొంతా? ఏమని?”

“తిట్టేది.”

ముసలాయన బోడితల ఒకసారి తడుముకున్నాడు. “అయితే అది నాదే అయ్యుంటాదిలే” అన్నాడు.

ముందు నవ్వింది అన్న. మద్రాసు నుంచి వచ్చాక వాడి నవ్వు వినడం నాకదే మొదలు. తుప్పు పట్టిన గిలక తిరిగినట్టు వచ్చింది, ఆగి ఆగి. అప్పటికి ఎండ ఎక్కసాగింది. అన్న మెడ ఎర్రబడుతున్నది. పెద్దకాపు పక్కనున్న గొడుగు చూశాడు, నన్ను చూశాడు. నేను కాలవలో చేపల్ని లెక్కపెడుతున్నట్టు మొహం తిప్పుకున్నాను. ఆయన గొణుక్కుంటూ గొడుగు తెరిచి, లేచి నిలబడి, అన్న నెత్తిన పట్టాడు. గట్టు మీద ఊరంతా అది చూసింది.

దిగాక ఆయన ఎవరితోనూ తీర్పు చెప్పలేదు. అల్లుడి దగ్గరికి పోయి, “రేపట్నుంచి వలకు రారా. ఊరికే ఎండలో నిలబడి ఏం చేస్తావు?” అన్నాడు. మధ్యాహ్నం పూట కూడా గెడ మా ఇంటికే వచ్చింది. ఎండవేళ వెనక కూర్చున్నవాళ్లు పడవవాడికి గొడుగు పట్టాలనేది ఆ తర్వాత మా రేవులో ఎవరూ చెప్పనక్కర్లేని రివాజు అయింది. పంతులు కూడా పట్టాడు. అది తన గొడుగేనని దారి పొడుగునా గుర్తుచేస్తూ పట్టాడు.

అన్న మాత్రలు చాలా ఏళ్లు వేసుకున్నాడు. మధ్యలో ఒకసారి మానేసి మళ్లీ మద్రాసు పోవాల్సి వచ్చింది. అప్పుడు గెడ నెల రోజులు అల్లుడు పట్టి, అన్న రాగానే అడక్కుండానే తెచ్చి ఇంట్లో పెట్టిపోయాడు.

ఇక నా సంగతి. గుడ్డ వచ్చాక మొగలిపొదకు పని లేకుండా పోయింది. ఒక ఏడాది బుద్ధిగా ఉన్నాను. ఆ తర్వాత ఒక పొద్దున కట్టెలు కట్టుకుని వస్తూ ఉంటే పొద నన్ను చూసింది, నేను పొదను చూశాను. అన్న మా ఊరి గట్టున పడవ పక్కన కూర్చుని తాడు పేనుతున్నాడు. తప్పని తెలుసు. అయినా దూరాను. గొంతు సవరించుకుని, పెద్దకాపు కన్నా బాగా పెద్దకాపు గొంతుతో కేక వేశాను. “ఒరే పడవా! ఉండావా, చచ్చినావా?”

వాడు తల ఎత్తి వాసం వైపు చూశాడు. గుడ్డ కిందే ఉంది. మళ్లీ తాడు పేనడంలో పడ్డాడు. వాడిదనుకున్నాడా, నాదనుకున్నాడా? పొదలో నుంచి బయటికి రావాలా వద్దా అని సగం లేచాను.

అప్పుడు వాడు తాడు కింద పెట్టి, కుడి చెయ్యి పైకెత్తి, పొద వైపు తిప్పి, వేళ్లు ఐదూ చాపి చూపించాడు.

నేను బయటికొచ్చి, బుద్ధిగా పోయి, గుడ్డ ఎత్తాను.